నాలుగు బ్యాటరీలతో గెలిచిన ఇంజినీరు

తెనాలి-రేపల్లె రైల్లో ఫోన్‌లో గేమ్ ఆడుతూ కాలేజీకెళ్లే వాళ్లలో మీరూ ఉండే ఉంటారు. సెట్టింగ్స్‌లో 60 ఎఫ్‌పీఎస్ పెడతారు. కాసేపటికే ఫోన్ పెనంలా కాలుతుంది. వేడి తట్టుకోలేక ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, గేమ్ తడబడుతుంది, ఛార్జింగ్ కరిగిపోతుంది. అరచేతిలో పట్టే పరికరం నుంచి ఎంత ఆశించాలి? దానికి బదులుగా ఏం వదులుకోవాలి? ఈ లెక్కతోనే జీవితం గడిపిన ఇంజినీరు ఒకాయన ఉన్నారు. ఆయన పేరు గున్‌పే యోకోయ్.

1941లో జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. మార్కులు అంతంత మాత్రమే. పెద్ద కంపెనీల్లో చోటు దొరకలేదు. 1965లో సొంతూళ్లోనే పేకముక్కలు తయారుచేసే కంపెనీలో యంత్రాల మెయింటెనెన్స్ పనికి చేరారు. ఆ కంపెనీ పేరు నింటెండో!

ఖాళీ దొరికినప్పుడు సరదాకి ఒక సాగే చెయ్యి బొమ్మ చేసుకున్నారు. అది కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంటపడింది. మందలింపుకి బదులు, దాన్నే అమ్మకానికి తయారుచేయమన్న ఆదేశం వచ్చింది. 1966లో వచ్చిన ఆ అల్ట్రా హ్యాండ్ పది లక్షలకు పైగా అమ్ముడైంది. మెయింటెనెన్స్ కుర్రాడు బొమ్మల డిజైనర్ అయ్యాడు.

బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి కాలక్షేపానికి క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కడం చూశాకే జేబులో పట్టే గేమ్ ఆలోచన వచ్చిందంటారు. అప్పటికే క్యాలిక్యులేటర్ల పోటీ వల్ల ఎల్‌సీడీ తెరలు చవకయ్యాయి. వాటితోనే 1980లో గేమ్ అండ్ వాచ్ తెచ్చారు. పాతబడి, చవకై, మంచిచెడులు బాగా తెలిసిన టెక్నాలజీని కొత్త పనికి వాడటమే ఆయన సూత్రం.

ఆ సూత్రానికి అసలు పరీక్ష 1989లో గేమ్ బాయ్‌తో ఎదురైంది. దాని రిజల్యూషన్ 160×144. రంగుల్లేవు, నాలుగే షేడ్లు. ప్రాసెసర్ వేగం 4 మెగాహెర్ట్జ్ పైచిలుకు. తెర సెకనుకు దాదాపు 60 సార్లు రిఫ్రెష్ అయ్యేది. కానీ ఆ ఎల్‌సీడీ అంత త్వరగా మారలేదు, వేగంగా కదిలే బొమ్మ అలుక్కుపోయేది. అంటే స్పెక్ షీట్‌లో అంకె ఒకటి, కంటికి కనిపించేది ఇంకొకటి. అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో దిగాయి. కానీ ఆరు బ్యాటరీలు వేసినా నాలుగైదు గంటలే. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి ఆడేది. ధర లింక్స్‌లో సగం. ఒక్కో గడి చొప్పున దిగే టెట్రిస్‌కి ఆ తెర మసక అడ్డే కాలేదు. గేమ్ బాయ్, తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్ కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

అన్నీ గెలుపులే కావు. 1995 నాటి వర్చువల్ బాయ్, ఎరుపు ఒక్కటే చూపించే తెరతో, ఏడాదిలోపే మూలనపడింది. 1996లో ఆయన నింటెండో వదిలి కోటో అనే సొంత కంపెనీ పెట్టారు. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. అప్పటికి 56 ఏళ్లు. ఆయన పనిచేసిన వండర్‌స్వాన్ 1999లో మార్కెట్‌కి వచ్చింది. దానికి ఒక్క బ్యాటరీ చాలు!

బాపట్లలో ఈసీఈ చదువుతున్నా, తెనాలిలో బీఎస్సీ కంప్యూటర్స్ చేస్తున్నా ఈ లెక్క మీకూ పనికొస్తుంది. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లే టైమ్. 30 అయితే 33.3. ఒకసారి 60, ఇంకోసారి 35 చూపించే గేమ్‌కన్నా నిలకడగా 30 ఇచ్చేదే చాలాసార్లు కంటికి హాయి. మీ ప్రాజెక్టులో సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే రాసి ఊరుకోకండి. ఎక్కువ టైమ్ తీసుకున్న ఫ్రేమ్‌లు, ఫోన్ వేడి, అరగంటలో తగ్గిన ఛార్జింగ్ కూడా కొలిచి పెట్టండి. ఇంటర్వ్యూలో ఏం సాధించారో చెప్పాక, ఏది వదులుకున్నారో, ఎందుకు వదులుకున్నారో కూడా చెప్పండి. ఇక మొదటి ఉద్యోగం మెయింటెనెన్స్‌లో వచ్చిందా? బెంగపడకండి, చేరిపోండి. అక్కడ ఖాళీ దొరికినప్పుడు మీరేం తయారుచేస్తారన్నదే ముఖ్యం.