రెని ఆంట్వాన్ రెయోమూర్

రెని ఆంట్వాన్ ఫెర్షో ద రెయోమూర్ (ఫిబ్రవరి 28, 1683 - అక్టోబర్ 17, 1757) ప్రముఖ ఫ్రెంచి శాస్త్రవేత్త. 1730లో ప్రతిపాదించిన ఉష్ణోగ్రతా మానం వలన ఈయన పేరు ప్రసిద్ధి చెందింది. ఆ మానంలో మంచు కరిగే స్థానం 0, నీరు మరిగే స్థానం 80 డిగ్రీలు. అయితే ఈయన కృషిలో ప్రధానమైనది కీటకాల అధ్యయనం.

జీవితం

రెయోమూర్ ఫ్రాన్సు పశ్చిమ తీరంలోని లా రోషెల్ పట్టణంలో జన్మించాడు. 1703లో పారిస్ చేరి, 1708లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీకి ఎన్నికయ్యాడు. 1722లో ఉక్కు తయారీపై గ్రంథం ప్రచురించాడు.

కీటక పరిశోధన

కీటకాల చరిత్రపై ఈయన రచించిన గ్రంథం 1734-1742 మధ్య ఆరు సంపుటాలుగా వెలువడింది. 1737 నాటి మూడవ సంపుటి ఆకుతొలుచు పురుగులతో ప్రారంభమవుతుంది. ఇవి ఆకు పై, క్రింది పొరల మధ్యనున్న పచ్చని పదార్థాన్ని తింటూ సొరంగాలు చేస్తాయి. వీటిలో కొన్ని చిమ్మటలుగాను, కొన్ని ఈగలుగాను, కొన్ని పెంకుపురుగులుగాను మారతాయని రెయోమూర్ వివరించాడు.

1736 నాటి రెండవ సంపుటిలో గొంగళిపురుగుల సహజ శత్రువులను వర్ణించాడు. గొంగళిపురుగు నుండి సీతాకోకచిలుకకు బదులు చిన్న ఈగల వంటి జీవులు వెలువడడం 17వ శతాబ్దపు పరిశీలకులకు అంతుపట్టలేదు. ఒక జీవి మరొక జాతిగా మారుతున్నదని కొందరు భావించారు. ఇటలీకి చెందిన వాలిస్నేరి ఇది పరాన్నజీవనమని రెయోమూర్ కంటే ముందే గుర్తించాడు. రెయోమూర్ పరిశీలనలు ఈ విషయాన్ని మరింత విశదం చేశాయి.

పరాన్నజీవి కందిరీగ (బదనిక) గొంగళిపురుగు శరీరంలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు లోపల తిని పెరుగుతాయి. క్యాబేజీ గొంగళిపురుగు విషయంలో అవి బయటికి వచ్చి ప్రక్కనే పసుపుపచ్చని పట్టుగూళ్ళు అల్లుకుంటాయి. వీటిని గొంగళిపురుగు గుడ్లుగా పొరబడి నలిపివేస్తే పంటకు మేలుచేసే కీటకాలే నశిస్తాయి.

ఆకు సొరంగంలోని పురుగుకు కూడా పూర్తి రక్షణ లేదు. కొన్ని జాతుల కందిరీగలు ఆకు పొరను గుచ్చి, లోపలి పురుగుపై గాని, దాని శరీరంలో గాని గుడ్లు పెడతాయి. మందు చల్లినా సులువుగా చేరని చోటికి ఇవి చేరగలవు. విచక్షణ లేకుండా పురుగుమందులు వాడితే ఇవి చనిపోయి, ఆకుతొలుచు పురుగుల ఉధృతి పెరగవచ్చు.

మరణం, ప్రాముఖ్యత

రెయోమూర్ 1757లో మరణించాడు. పేనుబంకను తినే కీటకాలను హరితగృహాలలో వదలాలని సూచించినందున, జీవనియంత్రణ చరిత్రలోనూ ఈయనకు స్థానముంది.