భూమి అడుగుచు నడిచిన ఆచార్య వినోబా భావే

మన ఆదిలాబాదు, కరీంనగరము జిల్లాల బాటలమీద ఎందరో దైవసేవకులు నడిచిరి. ఊరి వెలుపల గుడారములు వేసికొని పరిచర్య చేసిన మిషనెరీ దొరలను గూర్చి, సంచి భుజమున వేసికొని పల్లెపల్లెకు పోయిన ఉపదేశకులను గూర్చి మన పెద్దలు చెప్పగా వినియున్నాము. మేము ఇచ్చట వ్రాయబూనినది మన సంఘమునకు చెందని ఒక మహనీయుని గూర్చి. 1951 వేసవిలో ఆయనయు ఈ ప్రాంతములగుండ కాలినడకన వెళ్లిరి. తనకొరకు ఏమియు అడుగలేదు. భూమిలేనివారి కొరకు భూమి అడిగిరి.

వినోబాజీ 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రములోని గాగోదె గ్రామమున జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు వినాయక్. తల్లి రుక్మిణీబాయి భక్తురాలు. ఆమె ప్రభావము ఆయనపై జీవితాంతము నిలిచెను. 1916లో ఇంటర్మీడియట్ పరీక్షకని బయలుదేరి, పరీక్ష వ్రాయక కాశీకి పోయిరి. ఆ యేడే జూన్ 7న అహమ్మదాబాదులో గాంధీజీని కలిసికొని ఆశ్రమవాసియైరి. 1940లో వ్యక్తి సత్యాగ్రహమునకు గాంధీజీ మొదట ఎన్నుకొన్నది వీరినే. జైలులోనున్న దినములను వ్యర్థపరచక దక్షిణదేశపు భాషలను నేర్చుకొనిరి. అన్ని మతముల గ్రంథములను శ్రద్ధతో చదివిరి. క్రైస్తవ బోధల సారమును గూడ ఒక పుస్తకముగా కూర్చిరి.

ఆ దినములలో తెలంగాణము రగులుచుండెను. దేశముఖుల పెత్తనము, వెట్టిచాకిరి భరింపలేక రైతులు, కూలీలు 1946 నుండి సాయుధపోరాటమునకు దిగిరి. 1948లో నిజాం ప్రభుత్వము కూలిన పిమ్మటను, ఒకవైపు దళములు, మరొకవైపు పోలీసులు, నడుమ పల్లెజనులు నలుగుచునే యుండిరి. ఇట్టి సమయమున హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ఏర్పాటయ్యెను. వినోబాజీ రైలెక్కలేదు. 1951 మార్చి 8న వార్ధా ప్రాంతమునుండి కాలినడకన బయలుదేరి, ఆదిలాబాదు జిల్లా మీదుగా వచ్చి, గోదావరి దాటి, సుమారు 300 మైళ్లు నడిచి ఏప్రిల్ మొదటివారమున అచ్చటికి చేరిరి. అప్పటికి ఆయన వయస్సు 55. కడుపులో పుండు ఉండుటచే పాలు, పెరుగు వంటి తేలిక ఆహారమే ఆధారము.

సమ్మేళనము ముగిసిన తరువాత నల్లగొండ జిల్లాకు నడక సాగించిరి. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిరి. అచ్చటి హరిజనవాడకు పోయి వారి కష్టములను అడుగగా, 40 కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి దొరికిన చాలునని చెప్పిరి. వినోబాజీ మొదట ప్రభుత్వమునకు వ్రాయింతమని తలంచిరి. అంతలో అక్కడ చేరిన ఊరివారినే అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరములు ఇచ్చెదనని పలికిరి. భూదానోద్యమము పుట్టినది ఆ గడియలోనే. ఆ గ్రామము నేడు భూదాన్ పోచంపల్లి అని పిలువబడుచున్నది.

ఆ రాత్రినుండి ఆయన నడకకు ఒక పని దొరికెను. తెల్లవారకముందే లేచి, ప్రార్థన ముగించుకొని, లాంతరు వెలుగులో సాగిపోవుదురు. పది పన్నెండు మైళ్లు నడిచి మరియొక గ్రామము చేరుదురు. దొరికిన వసతియే ఆనాటి బస. పగలు పేదల మొరలు వినుట, నూలు వడకుట, సాయంకాలము ప్రార్థనసభ. నీకు ఐదుగురు కుమారులుండిన నన్ను ఆరవ కుమారునిగా ఎంచి నా పాలు నాకిమ్మని కలవారిని అడుగుదురు. మరునాడు మరల ప్రయాణము. ఇట్లు 51 దినములలో సుమారు 200 గ్రామములు తిరిగి 12,201 ఎకరములు సేకరించిరి. పిమ్మట మన ప్రాంతము మీదుగానే ఉత్తరమునకు నడిచి, జూన్ నెలాఖరున పౌనారు ఆశ్రమము చేరిరి.

అంతటితో నిలువలేదు. ఆ సెప్టెంబరులోనే ఢిల్లీకి నడిచిరి; తరువాత ఉత్తరప్రదేశ్, బీహారు, ఒరిస్సా, ఆంధ్ర, తమిళదేశము. 1964 వరకు, సుమారు 13 సంవత్సరములు దేశమంతట నడిచిరి. 40 లక్షల ఎకరములకు పైగా దానముగా వ్రాయబడెను. 1958లో మెగసెసె బహుమానము వారికి లభించెను. 1982 నవంబరు 15న పౌనారులో కన్నుమూసిరి. మరుసటి యేడు ప్రభుత్వము భారతరత్న బిరుదముతో గౌరవించెను.

ఇంతవరకు వ్రాసి ఆగుట సులభము. కాని సత్యము సగము చెప్పుట మాకు ఇష్టము లేదు. ఆ భూమిలో పెద్దభాగము పేదల చేతికి చేరలేదు. కొంత రాతినేల, కొంత తగవులలోనున్నది. కొందరు సభలో ఇచ్చి ఇంటికి పోయి మనసు మార్చుకొనిరి. కొందరి వారసులు ఒప్పుకొనలేదు. మన రాష్ట్రములో భూదానమునకు ప్రత్యేక చట్టము 1965లో గాని రాలేదు. వినోబాజీ అడుగుటకు నడిచిరి. పంచుటకు ఆయన వెనుక అంత ఓపికతో నడిచినవారు తక్కువైరి.

ఈ విషయము మమ్ములను గ్రుచ్చుచున్నది. మేము మునుపు సేవచేసిన ఒక సంఘములో కోత పండుగనాడు ఒక పెద్దాయన లేచి, ఇల్లులేని ఒక విధవరాలికి రెండు గుంటల స్థలము ఇచ్చెదనని చెప్పెను. అందరము సంతోషించి చప్పట్లు కొట్టితిమి. కాగితము వ్రాయించు బాధ్యత మేము తీసికొంటిమి. నేడు రేపు అనుచుండగా మాకు బదిలీ వచ్చెను. ఆ పెద్దాయన గతించెను. ఆమె ఇంకను అద్దెకొట్టములోనే యున్నది. ఇచ్చినవాని తప్పు కాదు, అడిగినామె తప్పు కాదు. నడుమ నిలిచి నడువనివారము మేమే.

లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరపు ఆజ్ఞ మనకు తెలిసినదే. బూర ఊదినంత మాత్రమున సరిపోదు. ఎవరి పొలము వారికి తిరిగి చేరవలెను. ఈ శతవార్షికోత్సవమున మనమును బూర ఊదుచున్నాము. ప్రతి సంఘమున వాగ్దానముల చిట్టా యున్నది. దానిని తెరచి, మ్రొక్కుకొని మరచినవాటిని చెల్లించుదము. మేమును వచ్చే నెలలో ఆ పాత సంఘమునకు పోయి, పెద్దాయన కుమారుల గడప తొక్కుటకు నిశ్చయించుకొంటిమి. వినోబాజీ నడిచినంత దూరము కాదు, బస్సు దిగి రెండు మైళ్ల నడక మాత్రమే.