పురవైద్యుడు పాట్రిక్ గెడ్డిసు

పల్లెను విడిచి పట్టణము చేరుట మన కుటుంబములలో పెక్కింటికి రెండు మూడు తరముల నాటి కథ. తాతలు సేద్యమును నమ్మి గ్రామములయందుండిరి. తండ్రులు చదువులకును ఉద్యోగములకును వర్తకమునకును సమీపమందలి చిన్న పట్టణములకు వచ్చిరి. పిల్లలు ఆ పట్టణములయందే పుట్టి పెరుగుచున్నారు. విద్యార్థి వసతిగృహమునకు స్థలము కావలెననియు, సత్రమునకు స్థలము కావలెననియు, వివాహమంటపమునకు స్థలము కావలెననియు మనవారు కూడినచోట నెల్ల మాటలు వచ్చుచుండుట పాఠకులెఱిగినదే. కావున పట్టణము పెరుగవలసిన విధమును గూర్చి జీవితమంతయు ఆలోచించిన యొక మహాశయుని చరిత్రమును ఈ సంచిక మూలమున సభ్యులకును పోషకులకును నివేదింప నెంచితిమి. ఇతడు మన దేశమువాడు కాడు, మన భాష యెఱిగినవాడును కాడు. అయినను మన దేశపు పురవీథులయందు సుమారు పది సంవత్సరములు తిరిగి, వాని రోగములను పరీక్షించి, చికిత్స చెప్పినవాడు.

పాట్రిక్ గెడ్డిసు 1854 వ సంవత్సరము అక్టోబరు 2 వ తేదీన స్కాట్లండు దేశమందలి బాలటరు అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి సైన్యమున కొలువు చేసినవాడు. కుటుంబము పెర్తు పట్టణ సమీపమున ఒక కొండవాలునందు తోటతో కూడిన యింట నివసించెను. తండ్రి కుమారుని వెంటబెట్టుకొని కొండలమీద త్రిప్పుచు, తోటపని నేర్పుచు, చెట్టుచేమలను చూపుచు పెంచెను. ఆ కొండపైనుండి క్రింది పట్టణమును, ఏటిని, పొలములను ఒక్క చూపున చూచుట బాల్యముననే అలవడినందున, పట్టణమును దాని పరిసరములనుండి వేఱుచేసి చూడరాదను భావము ఇతని మనస్సున నాటుకొనెను.

యౌవనారంభమున కొంతకాలము బ్యాంకియందు పనిచేసి, అది తనకు తగదని విడిచి, లండను నగరమునకు పోయి హక్సిలీ పండితునియొద్ద జీవశాస్త్రము నభ్యసించెను. 1879 లో పరిశోధనకై మెక్సికో దేశమునకు పోగా అచ్చట కన్నులు జబ్బుపడెను. చీకటి గదిలో కొన్ని వారములు కన్నులకు గంతలు కట్టుకొని కూర్చుండవలసి వచ్చెను. సూక్ష్మదర్శినితో జీవనము గడుపనెంచిన యువకునకు ఇంతకంటె పెద్ద యాపద లేదు. అయినను ఇతడు ఆ చీకటియందే కిటికీ చట్రపు గళ్లను చేతితో తడవుచు, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క విషయము నుంచి, వాని పరస్పర సంబంధములను ఆలోచించు పద్ధతిని కనిపెట్టెను. చూపు మఱల వచ్చెను గాని సూక్ష్మదర్శిని పని పూర్వమువలె సాగలేదు. చిన్న జీవులను చూచుట తగ్గి, పెద్ద జీవి యగు పురమును చూచుట ప్రారంభమయ్యెను.

ఎడింబరో నగరమున పాత పట్టణమని క్రొత్త పట్టణమని రెండు భాగములు కలవు. పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి క్రొత్త పట్టణము లేచుటతో ధనికులు అచ్చటికి తరలిపోయిరి. పాత పట్టణమందలి ఎత్తయిన మేడలు గదులు గదులుగా చీలి బీదలపాలయ్యెను. గాలి లేదు, వెలుతురు లేదు, మురుగు పోవు దారి లేదు. 1886 లో గెడ్డిసు ఆన్నా మార్టను అను విదుషీమణిని వివాహమాడి, తరువాత కొలదికాలమునకే ఆమెతో కూడ ఆ పాత పట్టణమందలి జేమ్సు కోర్టు అను ప్రాంతమున కాపురము పెట్టెను. దూరమునుండి బీదలకు బోధచేయుటకంటె వారి పొరుగున నివసించుట మేలని ఆ దంపతులు నిశ్చయించుకొనిరి. ముందుగా తమ వాకిలి శుభ్రపఱచిరి. గోడలకు సున్నము వేయించిరి. పాడుపడిన కొట్లను మాత్రము తొలగించి, ఆ ఖాళీ జాగాలలో పూలమొక్కలు నాటించిరి. చూచి పొరుగువారును చేతులు కలిపిరి. 1887 లో విద్యార్థులు తమ వసతిని తామే నిర్వహించుకొను గృహము నొకదానిని అచ్చట నెలకొల్పెను. చదువుకొన్న యువకులు పాడుపడిన పేటలో వసించినచో ఆ పేటకు ప్రాణము వచ్చుననియు, యువకులకు లోకజ్ఞానము వచ్చుననియు ఇతని తలంపు. వసతిగృహములు కట్టింపనెంచు మన పోషకులు ఈ విషయమును ప్రత్యేకముగ గమనింతురు గాక.

1888 మొదలు 1919 వఱకు డండీ నగరమందలి కళాశాలలో వృక్షశాస్త్రాచార్యుడుగ నుండెను. ఆ యుద్యోగమునకు సంవత్సరమున వేసవి నెలలు మాత్రమే పని యుండుటచే, మిగిలిన కాలము పురసేవకు దొరకెను. 1892 లో ఎడింబరో కోటకు చేరువనున్న యొక గోపురమును తీసికొని ప్రదర్శనశాలగ మార్చెను. పైయంతస్తునుండి చూచినచో పట్టణమంతయు కనబడును. క్రిందికి దిగినకొలది తన పురము, తన దేశము, ఐరోపా, తుదకు సకలలోకము చిత్రపటములుగ నెదురగును. తన యూరిని తెలిసికొన్నవాడే లోకమును తెలిసికొనగలడను మతము అచ్చట రూపము దాల్చెను. ఇన్ని కార్యములకు ఋణములు పెరుగగా, 1896 లో మిత్రులు ఒక సంఘముగ నేర్పడి ఆ కట్టడముల భారమును వహించిరి.

ఆండ్రూ కార్నెగీ అను కోటీశ్వరుడు తన జన్మస్థానమగు డన్ఫర్మ్‌లిన్ అను చిన్న పట్టణమునకు అయిదు లక్షల పౌనుల నిధి నొసగెను. ఆ ధనముతో ఉద్యానవనమును, విద్యాస్థానములను ఏర్పఱచు విధమును సూచింపుమని నిధి పాలకులు గెడ్డిసును కోరిరి. 1904 లో ఇతడు విపులమైన గ్రంథమునే వ్రాసి యిచ్చెను. ఏటిని శుభ్రపఱచి దాని గట్లను జనులకు విహారస్థలముగ జేయుట, పాత ఇండ్లను కూల్పక బాగుచేయుట, చరిత్రమును చేతిపనులను చూపు శాలలు కట్టుట అందలి ముఖ్యాంశములు. పాలకులు దానిని అంగీకరింపలేదు. కాని పురనిర్మాణమును గూర్చి ఆలోచించువారు ఆ గ్రంథమును నేటికిని చదువుచున్నారు.

ఇక మన దేశమునకు వచ్చిన విధము వినదగినది. నానా దేశముల పురముల పటములను సేకరించి ఇతడు ప్రదర్శించుచుండగా, చెన్నపురి గవర్నరగు పెంట్లండు ప్రభువు ఆ ప్రదర్శనమును ఇచ్చటికి తెమ్మని ఆహ్వానించెను. 1914 లో గెడ్డిసు ఒక ఓడలోను, పటములు క్లాన్ గ్రాంటు అను మఱియొక ఓడలోను బయలుదేఱెను. ఆ సెప్టెంబరులో చెన్నపురిమీద గుండ్లు కురిపించి మనవారి నోళ్లలో నేటికిని నిలిచియున్న జర్మను యుద్ధనౌక ఎమ్డెను, అక్టోబరులో ఆ రెండవ ఓడను ముంచివేసెను. ఏండ్ల తరబడి కూర్చిన సంపద సముద్రము పాలయ్యెను. ఇతడు అధైర్యపడక స్వదేశమందలి మిత్రులకు వ్రాసి క్రొత్త పటములు తెప్పించుకొని, 1915 జనవరిలో చెన్నపురియందు ప్రదర్శనము జరిపెను.

తరువాత ఆ రాజధానిలోని పురములను చూడబోయెను. తంజావూరు, మధుర, నాడు చెన్నపురి రాజధానిలో చేరియుండి తెలుగువారు పెక్కండ్రు నివసించు బళ్లారి మొదలగు పట్టణములను గూర్చి నివేదికలు వ్రాసెను. ఇచ్చట ఇతడు చూచిన పద్ధతి యెట్టిదనగా: జనసమ్మర్దము గల పేట కనబడినచో, కాగితముమీద తిన్నని గీత గీసి, ఆ గీతకు అడ్డువచ్చిన ఇండ్లను, బావులను, చెట్లను, గుడులను పడగొట్టి వెడల్పయిన బాట వేయుట. ఇండ్లు పోయినవారు ఎక్కడికి పోవలయును? ప్రక్కపేటకు పోయి అచ్చట మఱింత ఇఱుకు కలిగింతురు. రోగము మానదు; చోటు మాత్రము మాఱును.

గెడ్డిసు పద్ధతి వైద్యుని పద్ధతి. రోగి నాడి చూడక మందు వ్రాయరాదు. అట్లే వీథివెంబడి నడువక పటము గీయరాదు. ఇతడు తెల్లవాఱకమునుపే లేచి సందుసందులు తిరిగి, ఏ యిల్లు గట్టిది, ఏది పాడుపడినది, ఎచ్చట చెట్టు కలదు, స్త్రీలు నీళ్లకు ఏ దారిని పోవుదురు, పిల్లలు ఎచ్చట ఆడుదురు అని గుఱుతు పెట్టుకొనెడివాడు. నివాసయోగ్యము కాని రెండు మూడు ఇండ్లు మాత్రము తొలగించినచో ఒక చిన్న బయలు ఏర్పడును. అందు నీడచెట్టు నాటినచో పేటకంతకు ఊపిరి కలుగును. బాట వంకరగ నున్నను నష్టము లేదు. ఈ విధానమునకు సంరక్షక శస్త్రచికిత్స యని పేరుపెట్టెను. దీనివలన వ్యయము తగ్గును. అంతకంటె ముఖ్యముగ బీదవాని గూడు నిలుచును. చెఱువులవలన దోమలు పుట్టునని పూడ్పించుటకు అధికారులు యత్నింపగా, చేపలను పెంచినచో అవి దోమపిల్లలను తినుననియు, చెఱువు పూడ్చిన ఊరికి చల్లదనమును వాననీటి నిలువయు పోవుననియు ఇతడు వాదించెను. మన యింటి ముంగిట తులసికోటను చూచి, గృహశుభ్రతకును భక్తికిని గల సంబంధమును గ్రహించి మెచ్చుకొనెను.

1917 ఇతనికి దుర్వత్సరము. జ్యేష్ఠకుమారుడు అలాస్టరు ఫ్రాన్సు దేశమందు యుద్ధమున మరణించెను. ఆ సమయమున భార్య ఆన్నా విషజ్వరముతో మంచము పట్టియుండెను. పుత్రమరణవార్త ఆమెకు తెలియనీయక ఇతడు తనలోనే దిగమ్రింగుకొనెను. కొన్ని వారములకు ఆమెయు కలకత్తాయందు కన్నుమూసెను. ముప్పదియేండ్లు తనతో కాపురముచేసి, ఋణములను కష్టములను పంచుకొన్న సహధర్మచారిణి పోయిన పిదప, ఇతడు పనియందే ఊఱట వెదకుకొనెను.

ఆ పనులలో మిన్నయైనది ఇండోరు. హోల్కరు ప్రభువుల రాజధాని యగు ఆ చిన్న నగరమున నాడు నూలుమిల్లులు లేచుచుండెను, పల్లెలనుండి కూలిజనము వచ్చి చేరుచుండెను, మహామారి విజృంభించుచుండెను. గెడ్డిసు పటములతో వీథులు తిరుగుచుండగా జనులు భయపడి దూషించిరి. పటము పట్టుకొని వచ్చినవాడు ఇల్లు పడగొట్టుటకే వచ్చెనని వారి అనుభవము. ఇతడు కోపగింపక, ప్రభువునొద్దకు పోయి ఒక్క దినమునకు ఉత్సవాధికారమును యాచించి పొందెను. దీపావళి ఊరేగింపు ఎల్లప్పుడును పోవు దారిని గాక, ఏ పేటవారు తమ ఇండ్లను వాకిండ్లను మిక్కిలి శుభ్రపఱతురో ఆ పేటమీదుగ పోవునని చాటింపు వేయించెను. చెత్తను ఉచితముగ తీసికొనిపోవుటకు బండ్లను ఏర్పాటు చేసెను. పేటపేటకు పోటీ పుట్టెను. జనులు తమంతట తామే గోడలకు సున్నము వేసికొనిరి, ముంగిళ్లు ఊడ్చిరి, ఏండ్లనాటి పెంట బండ్లకెత్తిరి.

ఉత్సవదినమున ఏనుగులు, గుఱ్ఱములు, లక్ష్మీదేవి విగ్రహము ముందు నడిచెను. వెనుక రోగములకును మాలిన్యమునకును ప్రతిమలు, మహామారికి మూలమగు పెద్ద ఎలుక బొమ్మ వచ్చెను. వాని వెనుక పట్టణపు పాకీవారు క్రొత్త తెల్లబట్టలు కట్టి, పూలమాలలు ధరించి నడిచిరి. ఊరివారంద ఱెవరిని చూచి తొలగిపోవుదురో వారినే ఊరి రక్షకులుగ నిలిపి నమస్కరింపజేసెను. తుదకు ఎలుక బొమ్మను తగులబెట్టిరి, తులసిమొక్కలు పంచిపెట్టిరి. నిన్న దూషించిన జనులే నాడు ఇతనిని అభినందించిరి. 1918 లో ఇండోరు దర్బారునకు రెండు సంపుటముల నివేదిక సమర్పించెను. ఏళ్ల శుద్ధి, పాత పేటల రక్షణము, మిల్లు పనివారికి తోటలతో కూడిన ఇండ్లు, విశ్వవిద్యాలయము అందు వివరింపబడినవి.

1919 లో బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రమునకు ప్రథమాచార్యుడయ్యెను. 1920 లో జగదీశ చంద్రవసు మహాశయుని జీవితమును గ్రంథముగ ప్రకటించెను. 1924 లో ఆరోగ్యము చెడి ఫ్రాన్సు దేశమందలి మాంపెలియె నగరము చేరి, అచ్చటను విద్యార్థులకు నివాసము నెలకొల్పెను. 1925 లో టెల్ అవీవ్ పట్టణమునకు ప్రణాళిక వ్రాసెను. పూర్వము నిరాకరించిన సర్ బిరుదమును 1932 లో స్వీకరించి, ఆ సంవత్సరము ఏప్రిలు 17 వ తేదీన మాంపెలియెయందే పరమపదించెను.

ఇతనియందు లోపములు లేకపోలేదు. వ్రాత ఇతరులకు దురవగాహము, ప్రసంగము దీర్ఘము. ఒక పని ముగియకమునుపే వేఱొకటి తలకెత్తుకొనెడివాడు. నివేదికలలో పెక్కులు కచేరీలయందు ధూళిపాలయ్యెను. ఒక దినపు పూలమాల పాకీవారి కష్టమును తీర్పలేదనుటయు సత్యమే. ఇండోరు నగరము 2017 మొదలు 2023 వఱకు దేశమందలి పరిశుభ్ర నగరములలో వరుసగ ప్రథమస్థానమునందినది. అది నేటివారి కృషిఫలమే గాని గెడ్డిసు ఫలము కాదు. అయినను శుభ్రత ప్రజల చేతులమీదుగ రావలయునని ఆ వీథులయందే వంద సంవత్సరములకు పూర్వము ఒకడు చూపెనని తలచుకొనుట న్యాయము.

ఈ చరిత్రమువలన మేము గ్రహించినది ఒక్కటి. పట్టణమునకు వచ్చిన ప్రతి సంఘమును తనవారికి గూడు కట్టుకొనుట సహజము. కాని గూళ్లన్నియు చేరినంతమాత్రమున పురము కానేరదు. పొరుగువాని బావి పాడైనచో మన బావి నిలువదు. వీథి ఊడ్చువాని యింట గాలి ఆడనిచో మన మేడకును రోగము తప్పదు. కావున స్థలము కొనుటకు పూర్వము ఆ పేటయంతయు నడిచి చూతుము గాక. చెట్టును చెఱువును విడిచి కట్టుదము గాక. మన వసతిగృహపు వాకిలి ఆ వీథివారి పిల్లలకును తెఱచియుండును గాక. మన దాతల ధనమును, యువకుల ఉత్సాహమును ఈ మార్గమున ప్రవర్తిల్లినచో, మనతో కూడ మన పట్టణమును వర్ధిల్లును.