ఇటుక పోసుకున్న కళాశాల: బుకర్ టి. వాషింగ్టన్

బుకర్ టి. వాషింగ్టన్ 1856లో అమెరికాలోని వర్జీనియాలో, ఒక పొగాకు కమతంలో బానిసగా పుట్టారు. అంతర్యుద్ధం ముగిసి స్వేచ్ఛ వచ్చేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. బడికి వెళ్లాల్సిన వయసులో ఉప్పు బట్టీల్లో, బొగ్గు గనుల్లో పనిచేశారు. హాంప్టన్‌లో నల్లజాతి వారికి విద్యాలయం ఉందని విని, 1872లో దాదాపు 500 మైళ్లు కొంత బండి మీద, కొంత కాలినడకన ప్రయాణించి చేరుకున్నారు. అక్కడ ఆయనకు పెట్టిన ప్రవేశ పరీక్ష ఒక గది ఊడ్వడం. మూడుసార్లు ఊడ్చి, నాలుగుసార్లు దుమ్ము తుడిచి సీటు సంపాదించారు.

1881లో అలబామాలోని టస్కీగీలో నల్లజాతి ఉపాధ్యాయుల శిక్షణకు ఒక పాఠశాల మంజూరైంది. ప్రభుత్వం జీతాలకు ఏడాదికి 2,000 డాలర్లు ఇచ్చిందే గాని స్థలం, భవనం ఇవ్వలేదు. పాతికేళ్ల వాషింగ్టన్ ఊళ్లోని చర్చినీ, దాని పక్కనున్న పాకనూ అడిగి పుచ్చుకుని, జూలై 4న 30 మందితో పాఠాలు మొదలుపెట్టారు. వాన వస్తే ఒక విద్యార్థి ఆయనకు గొడుగు పట్టేవాడు. పాఠం మాత్రం ఆగేది కాదు.

తరువాత 500 డాలర్లకు 100 ఎకరాల పాత కమతం కొన్నారు. చదువుకోవడానికి వచ్చి మట్టిపని చేయడం విద్యార్థుల్లో చాలామందికి నచ్చలేదు. వాషింగ్టన్ తానే ముందు గొడ్డలి పట్టి చెట్లు కొట్టారు. ఇటుకలు కూడా తామే చేసుకోవాలనుకున్నారు. వరుసగా మూడు ఆవాలు చెడిపోయాయి. చేతిలో డబ్బు లేదు. తన గడియారాన్ని 15 డాలర్లకు తాకట్టు పెట్టి నాలుగో ఆవం వేశారు. ఈసారి ఇటుక బాగా కాలింది. గడియారం మాత్రం తిరిగి రాలేదు.

విద్యార్థులు వందల్లోకి పెరిగారు. అందరూ కలిసి ప్రార్థనకు కూర్చునే చోటు లేకపోయింది. న్యూయార్క్‌కు చెందిన స్టోక్స్ సోదరీమణులు విరాళమిచ్చారు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థి రాబర్ట్ టేలర్ నమూనా గీశారు. సుమారు 12 లక్షల ఇటుకలు విద్యార్థులే పోసి కాల్చారు. 1898 నాటికి చర్చి పూర్తయింది. అది ఏ ఒక్క శాఖకూ చెందినది కాదు. ఆదివారం సాయంత్రాల్లో వాషింగ్టన్ విద్యార్థులను కూర్చోబెట్టుకుని మంచీచెడూ మాట్లాడేవారు.

నల్లవారి రాజకీయ హక్కుల కోసం ఆయన గట్టిగా నిలబడలేదని డు బాయిస్ వంటి పెద్దలు విమర్శించారు. ఆ చర్చ నేటికీ ఉంది. కానీ ఒకరి ఆస్తిగా పుట్టిన మనిషి, తనవారి చేతులతోనే తనవారికొక కళాశాలను కట్టి నిలబెట్టాడన్నది ఎవరూ కాదనలేని మాట. 1915 నవంబరు 14న ఆయన కన్నుమూశారు. ఆ చర్చికి దగ్గరలోనే సమాధి చేశారు.

1957లో ఆ చర్చి అగ్నికి ఆహుతైంది. కళాశాల వదిలిపెట్టలేదు. 1969లో అక్కడే కొత్త చర్చి లేచింది.

స్వర్ణోత్సవం జరుపుకుంటున్న మనకు ఈ కథ కొత్తేమీ కాదు. ప్రతి బడి గోడ వెనుకా తమ గడియారం వదులుకున్నవారు ఎవరో ఒకరు ఉంటారు. వారిని తలచుకోవడానికే ఈ పండుగ.