మైమోనిడీసు ధర్మగ్రంథము

యూరపుఖండమున ముద్రణకళ యింకను శైశవావస్థలో నుండగనే, 1480కి పూర్వము, ఇటలీలో నొక హీబ్రూ ధర్మశాస్త్ర గ్రంథము అచ్చుపడెను. దాని పేరు మిష్నే తోరా. ఆ తొలి ముద్రణపు ప్రతులు నేడు మిక్కిలి యరుదు. గ్రంథకర్త మోషే బెన్ మైమోను. పాశ్చాత్యు లాతనిని మైమోనిడీసని పిలిచెదరు.

ఆతడు 1138 ప్రాంతమున స్పెయినులోని కార్డోబా నగరమున జన్మించెను. 1148లో అల్మొహదులు ఆ నగరమును జయించి, మతము మార్చుకొనుడని యూదులను నిర్బంధించిరి. ఆతని కుటుంబము దేశము విడిచి, మొరాకోలోని ఫెజ్ నగరమున గొంతకాలము తలదాచుకొని, పాలస్తీనా మీదుగా ఈజిప్టు చేరెను. తమ్ముడు దావీదు రత్నవర్తకము చేసి అన్నను పోషించుచుండెను. హిందూదేశమునకు బయలుదేరిన యా తమ్ముడు సముద్రమున మునిగి మరణించెను. ఇతరులు నమ్మి యిచ్చిన ధనమును వానితోనే పోయెను. అన్న దుఃఖముచే నించుమించు ఒక సంవత్సరము మంచము పట్టెను. ధర్మవిద్యను జీవనోపాధిగా జేసికొనుట కిష్టపడక, ఆతడు వైద్యవృత్తి నవలంబించి, తుదకు సలాదీను మంత్రి యగు అల్ ఫాదిలునకు వైద్యుడయ్యెను.

ఇట్టి కష్టముల నడుమనే సుమారు 10 సంవత్సరములు శ్రమించి, 1178 ప్రాంతమున 14 భాగముల ధర్మగ్రంథమును ముగించెను. యూదుల తాల్ముదు వాదప్రతివాదముల మహాసముద్రము. గురువు లేక దానిని దాటుట దుస్తరము. ఊరూరికి తరుమబడు జనులకు గురువు లెక్కడ దొరకుదురు? అందుచే నాతడు పూర్వపక్షములను విడిచి, తీర్పు తీర్పునకును ప్రమాణములను జూపక, సిద్ధాంతములను మాత్రమే స్పష్టమైన హీబ్రూభాషలో విషయక్రమమున గూర్చెను.

పండితులు కొంద రాగ్రహించిరి. ఆధారము చూపని తీర్పును విశ్వసించు టెట్లని దక్షిణ ఫ్రాన్సుకు జెందిన అబ్రహాము బెన్ దావీదు తీవ్రమైన యాక్షేపణలను వ్రాసెను. మైమోనిడీసు ఆధారములను వేరుగా బ్రకటింపదలచెను గాని, 1204లో మరణించువరకు నా సంకల్పము నెరవేరలేదు.

1509లో కాన్‌స్టాంటినోపులు ముద్రాపకులు మూలముతోపాటు ఆ యాక్షేపణలను గూడ నచ్చొత్తించిరి. పిమ్మట వచ్చిన ముద్రణములును పెక్కు ఆ మార్గమునే యనుసరించెను. పూర్వపక్షమును విడిచిన గ్రంథము పూర్వపక్షమును ప్రక్కన నుంచుకొనియే చిరస్థాయి యయ్యెను.

ఇది గ్రంథకర్తకు పరాజయమని మేము తలంపము. ధర్మము సామాన్యునకు సుబోధము కావలెనని కోరుట న్యాయము; తీర్పునకు కారణ మేమని యడుగుటయు న్యాయమే. న్యాయస్థానములలో నిత్యము మెలగు మా పాఠకులకు ఈ రెంటి యావశ్యకతయు దెలియనిది కాదు.