ఒకటి నుంచి మొదలుపెట్టిన ఉస్తాద్ అల్ ఖ్వారిజ్మీ

రెండో తరగతి పిల్లవాణ్ణి నూట ఐదు రాయమనండి. చాలామంది 1005 అని రాస్తారు. నూరు అంటే 100, దాని పక్కన 5. చెవికి వినిపించినట్టే రాశాడు పాపం! అంతమాత్రాన వాణ్ణి మొద్దు అనడం తగదు. అంకె కూర్చున్న చోటును బట్టి దాని విలువ మారుతుందన్న సంగతి వాడికి ఇంకా ఎవరూ చూపించలేదు, అంతే. దాదాపు పన్నెండు వందల ఏళ్ల క్రితం ఈ సంగతినే ఎంతో ఓపికగా విడమరిచి రాసిన మహా పండితుడు ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన సుమారు 780లో జన్మించారు. అరల్ సముద్రానికి దక్షిణాన, నేటి ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్‌లలో ఉన్న ప్రాంతమే నాటి ఖ్వారిజ్మ్. ఆ ఊరి పేరే ఆయన పేరులో నిలిచింది. ఆయన పనిచేసింది మాత్రం బాగ్దాద్ నగరంలో. అబ్బాసీ ఖలీఫా మామూన్ పాలనాకాలం 813 నుంచి 833 వరకు. ఆ రోజుల్లో బైతుల్ హిక్మా అనే విజ్ఞాన మందిరంలో యూనానీ, పారశీక, భారతీయ గ్రంథాలు అరబ్బీలోకి వస్తుండేవి. అక్కడి పండితుల్లో ఖ్వారిజ్మీ ఒకరు. నక్షత్ర గమనాల పట్టికలు తయారు చేశారు. భూమి మీది 2,400కు పైగా స్థలాల అక్షాంశ రేఖాంశాలతో ఒక గ్రంథం కూర్చారు. ఇంతటి పండితుడు చిన్నపిల్లల పాఠం లాంటి అంకెల సంగతి రాయడానికి నామోషీ పడలేదు.

అప్పట్లో అరబ్బులు సంఖ్యలను మాటల్లో రాసేవారు, లేదా అక్షరాలతో సూచించేవారు. అలిఫ్ 1, బే 2, యే 10, ఖాఫ్ 100. దీన్నే అబ్జద్ అంటారు. మన పెద్దలు ఉత్తరాల తలపై రాసే 786 కూడా బిస్మిల్లాహ్ వాక్యంలోని అక్షరాల విలువలు కూడితే వచ్చిన మొత్తమే. ఈ పద్ధతిలో ఇరవై ఎనిమిది అక్షరాలూ గుర్తుంచుకోవాలి. పెద్ద గుణకారాలు చేయాలంటే ప్రాణం మీదికి వచ్చేది.

భారతదేశం నుంచి వచ్చిన పద్ధతిలో గుర్తులు తొమ్మిదే. వాటికి తోడు ఒక చిన్న వలయం. ఖ్వారిజ్మీ ఈ భారతీయ అంకెల లెక్కపై ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. ఏ స్థానంలోనైనా ఏమీ మిగలకపోతే అక్కడ వలయం పెట్టాలనీ, లేకపోతే అంకెలు తమ చోటు తప్పుతాయనీ అందులో వివరించారు. మన శూన్యం అరబ్బీలో సిఫర్ అయింది. సిఫర్ అంటే ఖాళీ. తెలుగులో సున్నా, ఉర్దూలో సిఫర్. రెండింటి భావమూ ఒక్కటే. ఉర్దూ మాటలను కుడి నుంచి ఎడమకు రాసే మనం అంకెలను మాత్రం నేటికీ ఎడమ నుంచి కుడికే రాస్తున్నాం.

ఆయన మరో గ్రంథం కితాబుల్ జబ్ర్ వల్ ముఖాబలా. దాని ఆరంభంలోనే ఆయన సంఖ్య అంటే ఏమిటో చెప్పారు. ప్రతి సంఖ్యా ఒకట్లు చేరి ఏర్పడిందే. ఒకటిని రెండింతలు, మూడింతలు చేస్తూ పది దాకా వెళతాం. ఆ తర్వాత పదినే ఒకటిగా భావించి మళ్లీ రెండింతలు, మూడింతలు చేస్తూ నూరు దాకా వెళతాం. చూడండి, పిల్లలకు నేర్పవలసిన అసలు కీలకం ఇదే. పది అంటే పది ఒకట్లు మాత్రమే కాదు, అదొక కొత్త ఒకటి.

మేము కూడా మొదట్లో పిల్లల చేత పహాడేలు వల్లె వేయించేవాళ్లం. పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్లవాడు, నలభైలో ఎన్ని పదులున్నాయంటే నోరు వెళ్లబెట్టేవాడు. అప్పుడు ఈనె పుల్లలు తెప్పించాం. పదేసి పుల్లలకు ఒక కట్ట, పది కట్టలకు ఒక మోపు. నూట ఐదంటే ఒక మోపు, విడి పుల్లలు ఐదు. మధ్యలో కట్టలు పెట్టే గిన్నె ఖాళీ. ఆ ఖాళీ గిన్నెను చూశాక 1005 రాసే పిల్లలు బాగా తగ్గిపోయారు.

ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు మరో చిక్కుంది. ఉన్‌సఠ్ అంటే 59, ఉనహత్తర్ అంటే 69. ఆ పేర్లలో పదుల లెక్క పైకి కనిపించదు, పిల్లలు తికమకపడతారు. తెలుగులో యాభై తొమ్మిది, అరవై తొమ్మిది అనగానే పదులూ ఒకట్లూ విడివిడిగా వినిపిస్తాయి. అందుచేత రెండు భాషల్లోనూ పక్కపక్కనే చెప్పించడం మేలు.

ఖ్వారిజ్మీ తన గ్రంథాన్ని వారసత్వం, వీలునామాలు, వ్యాపారం, భూమి కొలతలు, కాలువల తవ్వకం వంటి అవసరాల కోసం రాశారు. అందులో పెద్ద భాగం వారసత్వ లెక్కలదే. ఒక లెక్కలో ఒక స్త్రీ భర్తను, ఒక కుమారుణ్ణి, ముగ్గురు కుమార్తెలను విడిచి మరణిస్తుంది. ఆమె చేసిన వసీయత్ చెల్లించాక మిగిలినదాన్ని 20 భాగాలు చేయాలి. భర్తకు 5, కుమారునికి 6, ఒక్కో కుమార్తెకు 3. కూడితే సరిగ్గా 20. మిగిలింది 20 వేల రూపాయలైతే ప్రతి ఆడపిల్లకూ 3 వేలు రావాలి.

మాకు తెలిసిన ఒక ఇంట తండ్రి పోయాక, ఆడపడుచు అన్నలు చూపించిన చోట వేలిముద్ర వేసి వచ్చేసింది. తన వాటా ఎంతో ఆమెకు లెక్క కట్టడం రాదు. షరీఅత్ ఇచ్చిన హక్కు లెక్క రాక చేజారిపోయింది. జకాత్ కూడా అంతే. నలభయ్యో వంతు తీయడం రానివారు దాన్ని అందాజాగా ఇచ్చి ఊరుకుంటారు.

ఖ్వారిజ్మీ సుమారు 850లో కన్నుమూశారు. అంకెలపై ఆయన రాసిన పుస్తకం అరబ్బీ మూలం నేడు లేదు, లాటిన్ అనువాదం మిగిలింది. జబ్ర్ గ్రంథాన్ని 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ లాటిన్‌లోకి తెచ్చారు. అల్ జబ్ర్ నుంచి ఆల్జీబ్రా, ఆయన పేరు నుంచి అల్గారిథమ్ అనే మాటలు పుట్టాయి. నేటి కంప్యూటర్లు నడిచేది అల్గారిథమ్‌ల మీదనే.

మన పిల్లలకు ఆయన పేరు చెప్పి గర్వపడితే సరిపోదు. ఆయన మొదలుపెట్టిన చోటే, ఒకటి దగ్గరే, మనమూ మొదలుపెట్టాలి. ఈ సాయంత్రం పిడికెడు చింతగింజలు తీసుకుని, కొడుకునూ కూతురునూ పక్కపక్కన కూర్చోబెట్టి పదేసి గింజల కుప్పలు పెట్టించండి. ముఖ్యంగా కూతురు చేత. రేపు తన వాటా తానే లెక్క చూసుకోగలగాలి. అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక! ఆమీన్.