ఎల్బీనగర్‌ పేరు వెనుక బాధ్యతకు నిలువెత్తు రూపం
ప్రయాణికుల ప్రాణాలకు పదవితో జవాబు చెప్పిన లాల్‌ బహదూర్‌ శాస్త్రి

దిల్‌సుఖ్‌నగర్‌, ఎల్బీనగర్‌: దిల్‌సుఖ్‌నగర్‌ దాటి విజయవాడ వైపు సాగే బస్సుల్లో అందరికీ సుపరిచితమైన పేరు ఎల్బీనగర్‌. నాలుగు దిక్కుల నుంచి వచ్చే వాహనాలు కలిసే కూడలి అది. పైన మెట్రో రైలు, కింద జాతీయ రహదారి, పక్కనే పైవంతెనలు. నిత్యం లక్షలాది మంది ఆ పేరు పలుకుతున్నా, అందులోని రెండు పొడి అక్షరాల వెనుక ఒక మహనీయుని జీవితం ఉందన్న సంగతి తలచుకొనేవారు తక్కువ. ఆ అక్షరాలు భారత రెండో ప్రధానమంత్రి లాల్‌ బహదూర్‌ శాస్త్రివి. ప్రయాణికులు ప్రాణాలు కోల్పోతే అందుకు మంత్రి చట్టసభ ఎదుట జవాబుదారీ అని చేతల్లో చూపిన నేత ఆయన. ఆయన తొలిసారి రాజీనామా సమర్పించడానికి కారణమైన రైలు దుర్ఘటన జరిగింది ఈ కూడలికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని మహబూబ్‌నగర్‌ సమీపంలోనే.

పేదరికంలో పెరిగి..

శాస్త్రి 1904 అక్టోబరు 2న మొగల్‌సరాయ్‌లో జన్మించారు. తండ్రి శారదా ప్రసాద్‌ బడిపంతులుగా పనిచేసి, తర్వాత అలహాబాద్‌ రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. బిడ్డకు రెండేళ్లయినా నిండకముందే ఆయన కన్నుమూశారు. తల్లి రామ్‌దులారీ దేవి పిల్లలతో పుట్టింటికి చేరి వారిని పెంచారు. కులాన్ని సూచించే ఇంటిపేరును లాల్‌ బహదూర్‌ చిన్ననాడే వదులుకున్నారు. 1921లో గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు అందుకుని, పరీక్షల ముంగిట చదువు మానివేసి ఉద్యమంలోకి దూకారు. అనంతరం కాశీ విద్యాపీఠంలో చేరి 1925లో శాస్త్రి పట్టా పొందారు. ఆ పట్టాయే కాలక్రమంలో ఆయన పేరులో భాగమైంది. 1928లో లలితాదేవిని వివాహమాడినప్పుడు కట్నంగా స్వీకరించింది ఒక రాట్నం, కొన్ని గజాల ఖద్దరు మాత్రమే. స్వాతంత్య్ర సమరంలో పలుమార్లు జైలుకెళ్లి ఏళ్ల తరబడి గడిపారు.

బస్సుల్లో మహిళా కండక్టర్లు

స్వాతంత్య్రం వచ్చిన 1947లో గోవింద వల్లభ్‌ పంత్‌ మంత్రివర్గంలో శాస్త్రి పోలీసు, రవాణా శాఖలు చేపట్టారు. నేటి ఉత్తరప్రదేశ్‌లో తొలిసారిగా మహిళలను బస్సు కండక్టర్లుగా నియమించింది ఆయన హయాంలోనే. తెలుగునాట ఆర్టీసీ బస్సుల్లో మహిళా కండక్టర్లు కనిపించింది ఆ తర్వాత దశాబ్దాలకు. జన సమూహాలను చెదరగొట్టేందుకు లాఠీలకు బదులు నీటి ధారలు వాడాలని పోలీసులను ఆదేశించిందీ ఆయనే.

1952లో రాజ్యసభకు ఎన్నికైన శాస్త్రికి నెహ్రూ రైల్వే శాఖ అప్పగించారు. సామాన్యులు కిక్కిరిసి ప్రయాణించే మూడో తరగతి పెట్టెల స్థితిగతులపై ఆయన దృష్టి సారించారు. ఆ పెట్టెల్లో పంకాలు అమర్చే ఏర్పాట్లు సాగాయి. ఉన్నత తరగతికి, మూడో తరగతికి మధ్య ఉన్న అంతరాన్ని తగ్గించే ప్రయత్నం జరిగింది. రైల్వేలలో అవినీతిపై ఆచార్య కృపలానీ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పాటైంది కూడా ఆ రోజుల్లోనే.

వాగులు మింగిన రైళ్లు

అయితే ఆ పదవీకాలంలోనే పాత వంతెనలు, వరదలు రైల్వే శాఖను వెంటాడాయి. 1954 సెప్టెంబరులో జనగామ సమీపాన యశ్వంతాపూర్‌ వద్ద వాగుపై వంతెన దెబ్బతిని, రైలు నీటిపాలై వందమందికి పైగా మరణించారు. రెండేళ్లకు మరో విషాదం. 1956 సెప్టెంబరు 2న సికింద్రాబాద్‌–ద్రోణాచలం మార్గంలో జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. ఈ ఘటనలోనూ మృతుల సంఖ్య వంద దాటింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌ అవతరణకు ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. ఈ ప్రాంతమంతా హైదరాబాద్‌ రాష్ట్రంలో అంతర్భాగం.

శాస్త్రి వెంటనే రాజీనామా సమర్పించారు. నెహ్రూ అంగీకరించక, పదవిలో కొనసాగాలని నచ్చజెప్పారు. మూడు నెలలైనా తిరగకముందే, నవంబరు 23న తెల్లవారుజామున, తమిళనాట అరియలూరు వద్ద వరద ఉధృతికి మార్గం దెబ్బతిని మద్రాసు–తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్‌ ఏటిలో కూలింది. నూట నలభై మందికి పైగా బలయ్యారు. శాస్త్రి మరోమారు రాజీనామా లేఖ అందించి, ఈసారి దానిని ఆమోదించి తీరాలని కోరారు.

ఆయన రైలు నడపలేదు, వంతెన కట్టలేదు. అయినా శాఖకు అధిపతిగా సభకు జవాబు చెప్పవలసింది తానేనన్నది ఆయన నిశ్చయం. మంత్రిమండలి లోక్‌సభకు బాధ్యత వహించాలని రాజ్యాంగం 75వ అధికరణం చెబుతోంది. సభ్యులు ప్రశ్న వేస్తే మంత్రి లేచి సమాధానమివ్వడం ఆ బాధ్యతకు నిత్యరూపమైతే, పదవి వదులుకోవడం దాని తుదిమెట్టు. ప్రమాదానికి శాస్త్రి ఏ విధంగానూ కారకుడు కాదని, అయినా రాజ్యాంగ మర్యాదకు ఇది ఆదర్శంగా నిలవాలన్న భావనతోనే రాజీనామాను ఆమోదిస్తున్నానని నెహ్రూ సభకు వివరించారు. డిసెంబరు 7న శాస్త్రి రైల్వే శాఖ నుంచి వైదొలగారు. ఆ శాఖ జగ్జీవన్‌రామ్‌ చేతికి వెళ్లింది.

ఈ రహదారితోనూ బంధం

1957 ఎన్నికల్లో అలహాబాద్‌ నుంచి లోక్‌సభకు గెలిచిన శాస్త్రి, ఆ ఏడాది ఏప్రిల్‌లో కేంద్ర రవాణా, సమాచార సంబంధాల మంత్రి అయ్యారు. జాతీయ రహదారుల చట్టం అమల్లోకి వచ్చింది సరిగ్గా ఆ నెల 15వ తేదీనే. పుణె నుంచి షోలాపూర్‌, హైదరాబాద్‌ మీదుగా విజయవాడ సాగే తొమ్మిదో నంబరు రహదారి ఆ చట్టం పట్టికలో చోటుచేసుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌, ఎల్బీనగర్‌లను కలుపుతూ నేడు 65వ నంబరుతో సాగుతున్న దారి అదే. 1932లో 27 బస్సులతో ప్రారంభమైన నిజాం రవాణా విభాగానికి వారసురాలిగా ఆంధ్రప్రదేశ్‌ ఆర్టీసీ 1958 జనవరి 11న ఆవిర్భవించింది. అప్పటికి కేంద్రంలో రవాణా శాఖ శాస్త్రి చేతిలోనే ఉంది.

తదుపరి వాణిజ్యం, హోం శాఖలు నిర్వహించి, కామరాజ్‌ పథకం కింద 1963లో మరోసారి పదవి విడిచారు. నెహ్రూ మరణానంతరం 1964 జూన్‌ 9న ప్రధాని అయ్యారు. ఏడాదిన్నర పాలనలో మూడు అవిశ్వాస తీర్మానాలను ఎదుర్కొన్నారు. ప్రతిపక్షాల విమర్శలను ఓపికగా ఆలకించి సభలోనే సమాధానమిచ్చారు. ఆహార కొరత, 1965లో పాకిస్థాన్‌తో యుద్ధం ఆయనకు అగ్నిపరీక్షలయ్యాయి. సైనికుడికి, రైతుకు జేజేలు పలికిన ఆయన నినాదం దేశమంతటా మారుమోగింది. 1966 జనవరి 10న తాష్కెంట్‌ ఒప్పందంపై సంతకం చేసి, మర్నాడు తెల్లవారకముందే అక్కడే తుదిశ్వాస విడిచారు. అదే ఏడాది ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రకటించారు.

ప్రధానిగా ఉండగా కొన్న ఫియట్‌ కారు కోసం బ్యాంకు నుంచి తీసుకున్న ఐదు వేల రూపాయల అప్పు ఆయన మరణించే నాటికి తీరలేదు. లలితాదేవి తన పింఛను సొమ్ముతో ఆ రుణం చెల్లించారు.

నగరంలో ఆయన స్మృతి

హైదరాబాద్‌లో ఫతే మైదాన్‌ క్రీడాప్రాంగణానికి 1967లో లాల్‌ బహదూర్‌ పేరు పెట్టారు. నగర తూర్పు శివారున వెలసిన లాల్‌ బహదూర్‌ నగర్‌ క్రమంగా ఎల్బీనగర్‌ అయింది. పురపాలక సంఘంగా ఎదిగి, 2007లో మహానగర పాలక సంస్థలో విలీనమైంది. 2008 పునర్విభజనతో శాసనసభ నియోజకవర్గమైంది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు అమీర్‌పేట నుంచి ఇక్కడి దాకా వచ్చింది. కూడలి వద్ద రద్దీ తగ్గించేందుకు పైవంతెనలు, అండర్‌పాస్‌లు నిర్మించారు.

వసతులు పెరిగినా రహదారి ప్రమాదాల బెడద తీరలేదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్లపై 1,68,491 మంది మరణించినట్లు కేంద్రం వెల్లడించింది. అరియలూరులో పోయిన ప్రాణాల కంటే ఇది రోజు లెక్కన మూడు రెట్లు. ఘోర రైలు ప్రమాదం జరిగితే రైల్వే శాఖకు చెందని భద్రతా కమిషనర్‌ విచారణ జరుపుతారు. రోడ్డు ప్రమాదాల్లో ఎక్కువ భాగం పోలీసు కేసుతోనే ముగుస్తాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, లోపభూయిష్టంగా రోడ్డు వేసిన గుత్తేదారును, దానికి రూపకల్పన చేసినవారిని, నిర్వహణ చూసే సంస్థను కూడా బాధ్యులను చేసింది. జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు. తప్పంతా వాహనం నడిపినవారిదే కాదని చట్టం అంగీకరించడానికి అంతకాలం పట్టింది. ఆ సంగతిని శాస్త్రి 1956లోనే తన రాజీనామాతో చాటారు.

జాతీయ రహదారి భద్రతా వారోత్సవాలను పలు సంవత్సరాల్లో జనవరి 11న ప్రారంభించారు. అది శాస్త్రి వర్ధంతి రోజు కూడా. ఆయన పేరు ధరించిన కూడలిలో రోడ్డు దాటలేక ఎవరు ప్రాణం కోల్పోయినా, ఆ మరణానికి జవాబు చెప్పవలసినవారు ఎవరన్న ప్రశ్న చట్టసభలో వినిపించాలి. దానికి సూటిగా సమాధానం లభించిన నాడే ఎల్బీనగర్‌ అన్న పేరుకు సార్థకత.